ఫోటోలో పట్టినంత స్టేషను

డెల్టా రైలు మార్గాభివృద్ధి సంస్థవారు చాలాకాలంగా ఒక సమస్యతో బాధపడుతుండేవారు. ఎక్కడ ఏ పని పూర్తయినా తనిఖీకి ఒక అధికారి వెళ్ళేవాడు. వెళ్ళినవాడు ఎండకు కమిలిపోయి, బురదలో ఒక బూటు పోగొట్టుకుని వచ్చి, చూసింది చూసినట్టు రాసేవాడు. నెల తిరక్కుండా ఇంకో అధికారి వెళ్ళి ఇంకోలా రాసేవాడు. దీనివల్ల సత్యానికి ఏకరూపత లేకుండా పోతోందని పైవారు గ్రహించి, నాలుగు సమావేశాలు పెట్టుకుని, నలభై ఒకటో నంబరు ఉత్తర్వు జారీచేశారు. ఇకమీదట ప్రతి పనికీ ఒకే ఒక్క ఫోటో. అది తియ్యడానికి ప్రతి స్టేషనులోనూ ఒక రాయి పాతుతారు. ఆ రాతి పేరు ‘దర్శన బిందువు’. దాని మీద నిలబడి తీసిన ఫోటోలో ఏది కనబడితే అది పూర్తయినట్టు. ఏది కనబడకపోతే అది లేనట్టు.

ఈ ఉత్తర్వుకూ తనకూ ఏదైనా సంబంధం ఉంటుందని లక్కోజు సోమాచారికి తోచలేదు. అతను సంస్థవారి శిక్షణ పాఠశాలలో ఇరవై రెండేళ్ళుగా మోడల్ రూము మేస్త్రీ. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు రైలు ఎలా నడుస్తుందో చూపించడానికి ఎనిమిదడుగుల బల్ల మీద ఒక బుల్లి రైలుమార్గం కట్టాడు. కట్టమన్నది పట్టాలూ సిగ్నళ్ళే. కానీ సోమాచారికి పని చేతిలో పడితే ఊరుకునే స్వభావం కాదు. బల్ల ముందు భాగంలో మూరెడు తాడిచెట్లు నిలబెట్టాడు. వాటి వెనక జానెడు, ఆ వెనక బెత్తెడు, ఆ వెనక అగ్గిపుల్లంత. ముందు రోడ్డు అరచెయ్యంత వెడల్పు, పోనుపోను నూలుపోగంత. దగ్గర పచ్చటి రంగు, దూరం వెళ్ళేకొద్దీ అందులో కొంచెం తెలుపు, కొంచెం నీలం. ముందున్న పెద్ద రైలు కొబ్బరితోట చాటుకు వెళ్ళేది. అవతలి నుంచి వేలెడంత చిన్న రైలు బయటికొచ్చేది. గోడకున్న కిటికీలోంచి చూసేవాళ్ళకు ఒకే రైలు మైళ్ళ దూరం వెళ్ళిపోతున్నట్టుండేది. చూసి కొందరు నిట్టూర్చేవారు కూడా. అలా ఎవరైనా నిట్టూర్చిన రోజు సోమాచారి ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.

ఒక మంగళవారం ప్రాజెక్టు డైరెక్టరు పద్మలోచనంగారు ఆ గదికి వచ్చారు. వేరే గది కోసం వెతుకుతూ పొరపాటున వచ్చారు. కిటికీలోంచి చూసి కదల్లేదు.

“ఆచారీ, ఆ చివర చర్చి గోపురం కనబడుతోందే, ఆ ఊరు ఎంత దూరం?”

“చూడ్డానికి మూడు మైళ్ళండి. కొలిస్తే ఆరు జానలండి.”

“కొలవమని ఎవరడిగారు?” అన్నారు పద్మలోచనంగారు. ఆయన కళ్ళు మెరిశాయి. గబగబా బల్ల వెనక్కి వెళ్ళి చర్చిని రెండు వేళ్ళతో పైకెత్తి చూశారు. మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చి చూశారు. ఇలా ఏడుసార్లు తిరిగారు. చివరికి కుర్చీలో కూర్చుని, “సంస్థకు ఇన్నాళ్ళూ స్థలాభావం అనుకున్నాను. దృష్టిలోపమని ఇప్పుడు తెలిసింది” అన్నారు.

ఆయనకు వచ్చిన చిక్కల్లా తాళ్ళమెరక. ఆ స్టేషనులో మూడువందల గజాల ప్లాట్‌ఫారం, దాని పొడవునా రేకుల కప్పు, వెయిటింగ్ హాలు, పక్కనున్న కాలువ మీద కాలినడక వంతెన మంజూరయ్యాయి. నలభై గజాలు పోగా మిగిలిందంతా ఊబి. పూడ్చాలంటే రెండేళ్ళు. ఛైర్మన్‌గారి పర్యటన నలభై అయిదు రోజుల్లో.

మర్నాటికల్లా సోమాచారిని ‘దృశ్య విస్తరణ నిపుణుడు’గా తాళ్ళమెరకకు డెప్యుటేషన్ మీద పంపుతూ కాగితం వచ్చింది.

తాళ్ళమెరక సోమాచారి సొంతూరే. అతని భార్య కనకరత్నం కాలువ అవతలున్న బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. బడిలో పొయ్యి ఒకటే కావడంతో సాంబారు ఇంట్లోనే కాచి తీసుకెళ్ళేది. అటు వెళ్ళడానికి ఉన్న దారి రైలు వంతెన ఒక్కటే. స్లీపర్ల మీద ఒక్కో అడుగూ చూసుకుంటూ, చంకన సాంబారు గిన్నెతో, వెనక నుంచి ఏదైనా వస్తుందేమోనని చెవులు రిక్కించుకుంటూ పదకొండేళ్ళుగా దాటుతోంది. ఆమె ఒక్కతే కాదు, బడికెళ్ళే పిల్లలూ అంతే. రోడ్డున వెళ్ళాలంటే నాలుగు మైళ్ళ చుట్టు.

కాగితం సంగతి విని ఆమె, “మీ పదవి పేరు నాకు నోరు తిరగట్లేదు గానీ, వంతెన ఉందా అందులో?” అంది.

“ఉందే. మంజూరైంది.”

“అయితే ముందది కట్టించండి. ఆ తర్వాత మీరు ఏనుగుని దోమలా చూపించినా నేనేవీ అనను.”

ఆ మాట మీదే సోమాచారి ఆ పనికి ఒప్పుకున్నాడు.

పని మొదలైంది. పన్నెండు ఇనప స్తంభాలు, ఒక్కోటి పద్నాలుగడుగులవి, లారీలో దిగాయి. మొదటిదాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టారు. రెండోదాన్ని పదమూడుకు కోశారు, మూడోదాన్ని పన్నెండుకు. అలా కోసుకుంటూ పోగా పన్నెండోది నిలబెట్టేసరికి అది సోమాచారి నడుం దగ్గరకొచ్చి ఆగింది. ప్లాట్‌ఫారం మొదట్లో ముప్పై అడుగుల వెడల్పు, చివర్లో మూడు. మొదటి బెంచీ మీద నలుగురు కూర్చోవచ్చు. చివరి బెంచీ మీద ఒక కోడి, అదీ ఒద్దికగా కూర్చుంటే, పడుతుంది. మొదటి స్తంభానికి పెద్ద గోడగడియారం పెట్టారు. చివరి స్తంభానికి చేతిగడియారం కట్టారు. అన్నిట్లోనూ ఒకే టైము చూపించాలని పద్మలోచనంగారు పట్టుబట్టారు. ఆ విషయంలో ఆయన చాలా నిక్కచ్చి మనిషి.

రాతి మీద నిలబడి చూస్తే మాత్రం ఒళ్ళు పులకరించేది. స్తంభాల వరస ఎక్కడికో, కనుచూపు మేర, వెళ్ళిపోతున్నట్టుండేది. సోమాచారి కూడా తను చేసిన పనికి తనే మురిసిపోయాడు. అది దాచిపెట్టి లాభం లేదు.

ఆ మురిపెం వంతెన దాకా వచ్చేసరికి ఆగింది. నక్షాలో వంతెన ఏడడుగుల పొడవు, మోకాలెత్తు, పన్నెండో స్తంభం పక్కన పొడినేల మీద ఉంది.

“అయ్యా, కాలవ అటుంది కదండీ” అన్నాడు సోమాచారి. “వంతెన కాలవ మీద పెట్టాలి కదండీ.”

పద్మలోచనంగారు జాలిగా చూశారు. “ఆచారీ, కాలువ దర్శన బిందువు నుంచి కనబడదు. కనబడని కాలువ మీద కనబడే వంతెన ఎలా వేస్తాం? సాంకేతికంగా అది పొసగదు. వంతెన కనబడేచోట వేసి, దాని కింద నీలం రంగు పూయించు. ప్రజలకు వంతెనా దక్కుతుంది, కాలువా దక్కుతుంది.”

సోమాచారి ఆ సాయంత్రం కనకరత్నాన్ని తీసుకొచ్చి చూపించాడు. తిడుతుందేమోనని చూశాడు. ఆమె తిట్టలేదు. ఖాళీ గిన్నె వంతెన మీద పెట్టి, నడుం సర్దుకుని, “కిందకి వంగకుండా గిన్నె పెట్టుకోవడానికి బావుందండీ” అని మళ్ళీ గిన్నె ఎత్తుకుని వెళ్ళిపోయింది. వారం తిరిగేసరికి ఊళ్ళో ఆడవాళ్ళు దాని మీద వడియాలు ఎండబెట్టుకోవడం మొదలెట్టారు.

స్టేషను మాస్టరు దైవసహాయానికి వేరే తలనొప్పి వచ్చిపడింది. నమూనా ఫోటో తీసి చూస్తే, చివరి స్తంభం పక్కన బీడీ కాల్చుకుంటున్న ఒక మామూలు మనిషి మొత్తం ఫోటోను నాశనం చేశాడు. రాక్షసుడొచ్చి స్టేషను మీద చెయ్యేసి నిలబడినట్టుంది. దాంతో ‘పరిమాణ క్రమశిక్షణ’ మీద ఉపనిబంధనలు వచ్చాయి. ఆరడుగులవాళ్ళు రెండో స్తంభం దాటరాదు. అయిదడుగులవాళ్ళు నాలుగో స్తంభం వరకు. ఎనిమిదోది దాటి పసిపిల్లలు మాత్రమే. చివర్లో ఒక గేదె కనబడితే పల్లె వాతావరణం వస్తుందని పద్మలోచనంగారు భావించారు గనక, నల్ల మేకపిల్ల ఒకదాన్ని గేదె హోదాలో కట్టేశారు.

టికెట్ల కిటికీ దగ్గర దైవసహాయం టేపు పట్టుకుని కూర్చున్నాడు.

“చెప్పులు విప్పమ్మా. నాలుగడుగుల ఏడంగుళాలు. అయిదో స్తంభం.”

“అయిదో స్తంభం కాడ పెట్టె ఆగదు కదయ్యా బాబూ” అంది ముసలామె. “నేను ఆసుపత్రికి వెళ్ళాలి.”

“ఆగదమ్మా. కానీ మీ ఎత్తుకి అదే సరైన చోటు. నాకు మాత్రం సరదానా? పైనుంచి కాగితం వచ్చింది.”

తర్వాత రైలు వచ్చింది. అసలు గొడవ అప్పుడు బయటపడింది. నాలుగు పెట్టెల రైలు ప్లాట్‌ఫారం పక్కన ఆగేసరికి స్తంభాలూ కప్పూ అన్నీ దాని ముందు బొమ్మల కొలువులా తేలిపోయాయి. పద్మలోచనంగారు రాతి మీద నిలబడి ఆ దృశ్యాన్ని చాలాసేపు చూసి బాధపడ్డారు.

“ఈ స్టేషనుకు ఉన్న ఒకే ఒక్క లోపం రైలు” అన్నారు.

పర్యటన రోజున తాళ్ళమెరకలో రైళ్ళు ఆగరాదనీ, వీలైతే రారాదనీ ఉత్తర్వు వెళ్ళింది.

ఛైర్మన్‌గారు ఉదయం పదిన్నరకు కారులో వచ్చారు. ఆయన ఫోటో తీసేవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని తియ్యాలన్నది సంస్థలో ఎక్కడా రాయని నియమం. ఫోటోగ్రాఫరు దారిలోనే మోకాళ్ళకు గుడ్డలు కట్టుకుని వచ్చాడు. ఛైర్మన్‌గారు రాతి మీదికెక్కి చూశారు.

“ఆహా! ఎంత పొడవు!”

“అంతా తమరి దూరదృష్టి సార్” అన్నారు పద్మలోచనంగారు. ఆ మాటలో అబద్ధం లేదు.

ఫోటో తీస్తే పని అయిపోయేది. కానీ ఛైర్మన్‌గారికి ఆనందం పట్టలేకపోయింది. రాతి మీంచి దిగి, పంచె సర్దుకుని, “ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడుస్తాను” అన్నారు.

పద్మలోచనంగారు అడ్డం వెళ్ళారు. “సార్, చాలా దూరం సార్. ఎండగా ఉంది సార్.”

“ప్రజలు నడిచే దూరం నా కాళ్ళకు తెలియొద్దా?” అంటూ ఆయన బయల్దేరారు.

మొదటి స్తంభం దాటారు. మామూలు మనిషి. నాలుగోది దాటారు. భారీ మనిషి. తొమ్మిదోది దాటేసరికి కప్పు ఆయన చెవి దాకా వచ్చింది. పక్కకు జరిగి కప్పు అంచు పట్టుకుని నడిచారు. గట్టిగా యాభై అడుగులు వేసేసరికి పన్నెండో స్తంభం దగ్గర ఉన్నారు, రేకుల మీంచి నడుం పైనంతా బయటికి పెట్టి. కిందికి చూశారు. నడుం దగ్గర చేతిగడియారం టిక్కుటిక్కుమంటోంది. కాలి దగ్గర గేదె ‘మే’ అంది. ఛైర్మన్‌గారు ఒక్కడుగు అటేసి, ఏదో అడ్డమొస్తే దాటి, వెనక్కి తిరిగి నిలబడ్డారు.

సోమాచారి మనసులోనే మోడల్ రూముకూ, ఇరవై రెండేళ్ళ ఉద్యోగానికీ దండం పెట్టుకున్నాడు. దైవసహాయం కళ్ళు మూసుకున్నాడు. ఫోటోగ్రాఫరు ఒక్కడే, అలవాటు కొద్దీ, రాతి మీద మోకాళ్ళూని క్లిక్కుమనిపించాడు.

ఛైర్మన్‌గారు తిరిగొచ్చారు. చెయ్యి చాపారు. ఫోటోగ్రాఫరు కెమెరా ఇచ్చాడు. ఆయన చూశారు. దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పట్టుకుని చూశారు.

ఫోటోలో మూడువందల గజాల స్టేషను ఉంది. దాని చివర, ఆ స్టేషనును గొడుగులా చంకన పెట్టుకుని పోగలంతటి మహాకాయుడు, తాడిచెట్టు ప్రమాణంలో, ఆకాశంలో తల పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“పద్మలోచనం” అన్నారు ఛైర్మన్‌గారు. కెమెరా గుండెలకు హత్తుకున్నారు. “ముప్పై ఏళ్ళుగా ప్రజాజీవితంలో ఉన్నాను. నన్ను నా అసలు పరిమాణంలో ఇంతవరకూ ఒక్కరూ చూపించలేదయ్యా.”

అక్కడికక్కడే నిర్ణయం జరిగిపోయింది. సంస్థ కింద ఉన్న నలభై ఏడు స్టేషన్లూ ఇదే పద్ధతిలో కట్టాలి. ప్రతిదాని చివరా ఛైర్మన్‌గారు ఒకసారి నిలబడతారు. పద్మలోచనంగారికి అందరికన్నా పై వరసలోని కుర్చీ. సోమాచారికి శాలువా.

శాలువా కప్పుతుంటే సోమాచారి ధైర్యం చేశాడు. “అయ్యా, ఆ వంతెన సంగతి…”

“చూశాను. ముచ్చటగా ఉంది.”

“దాని మీద జనం దాటలేరండి.”

“అదేం మాట?” అన్నారు ఛైర్మన్‌గారు నిజంగా ఆశ్చర్యపోతూ. “నేను ఒక్క అడుగులో దాటానే!”

ఆ మరుసటి శుక్రవారం కనకరత్నం రైలు వంతెన మధ్యలో ఉండగా వెనక నుంచి ఇంజను కూత వినబడింది. పర్యటన కోసం ఆపేసిన రైళ్ళన్నీ వేళాపాళా లేకుండా ఒకదాని వెంట ఒకటి వదులుతున్నారు. ముందుకు పరుగెత్తితే అందదు, వెనక్కి అందదు. గిన్నె వదిలేసి, పక్కనున్న ఇనపదూలం పట్టుకుని వేలాడింది. గూడ్సు బండి నలభై పెట్టెలూ ఆమె తల పక్క నుంచే వెళ్ళాయి. గిన్నె కాలువలో పడింది. ఆ పూట బడి పిల్లలు ఉత్తన్నం తిన్నారు.

ఇంటికొచ్చి ఆమె గుమ్మంలో కూర్చుంది. రెండు అరచేతులూ దోక్కుపోయాయి. సోమాచారి కొబ్బరినూనె తెచ్చి రాశాడు.

“ఏవన్నా అనవే” అన్నాడు.

“ఏవనను? వినబడిందో లేదో అని పదకొండేళ్ళూ వింటానే ఉన్నాను. ఇయ్యాల గాలి ఎదురు కొట్టింది, దగ్గరికొచ్చేదాకా వినబళ్ళేదు. అంతే.”

సోమాచారి ఆ పూట అన్నం ముందు కూర్చుని కలపకుండానే లేచాడు. నేరుగా స్టేషనుకు వెళ్ళి రాతి మీద నిలబడ్డాడు. ఈ స్టేషనులో ఏది ఎక్కడి నుంచి కనబడుతుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఏది కనబడదో కూడా అతనికే తెలుసు. పద్నాలుగడుగుల మొదటి స్తంభమూ, దాని వెనక వెయిటింగ్ హాలు గోడా కలిసి ఎడమ పక్కన కొంత మేర పూర్తిగా కమ్మేస్తాయి. సరిగ్గా ఆ చాటునే కాలువ సన్నబడి, ఇరవై అడుగుల వెడల్పుతో మలుపు తిరుగుతుంది.

దైవసహాయం దగ్గరికి వెళ్ళి, “మేస్టారూ, స్తంభాలు కోసిన ముక్కలు ఏం చేశారండీ?” అని అడిగాడు.

“షెడ్డు వెనక పడున్నాయండి. ఫోటోలో లేవు కాబట్టి వాటిని ఏవనాలో కాగితాల్లో తెలీక వదిలేశాం.”

“నేను వాడుకుంటాను.”

దైవసహాయం అతని వంక చూశాడు. రొమ్ము మీద సిలువ గుర్తు వేసుకుని, “నాకేం కనబళ్ళేదండి” అన్నాడు. సాయంత్రం తనే రెండు ముక్కలు మోసుకొచ్చాడు.

ఊళ్ళోవాళ్ళు తలో చెయ్యీ వేశారు. మొదటి రోజు సోమాచారి చేతికి కొలతలు చిక్కలేదు. ఇరవై రెండేళ్ళుగా తాడిచెట్టంటే మూరెడు, మనిషంటే బొటనవేలంత. రెండుసార్లు పలకలు పొట్టిగా కోశాడు. మూడోసారి కనకరత్నాన్ని పిలిచి, గిన్నె చంకన పెట్టుకుని నిలబడమన్నాడు. ఆమె వెడల్పూ, గిన్నె వెడల్పూ, ఎదురొచ్చే మనిషి వెడల్పూ కలిపి కొలిచి, అంత కోశాడు. ఆ తర్వాత చెయ్యి తప్పలేదు. తొమ్మిదో రోజున వంతెన నిలబడింది. చిన్నదాన్ని పెద్దగా చూపించే మాయేదీ అందులో లేదు. నాలుగడుగుల వెడల్పు, రెండు పక్కలా నడుమెత్తు కమ్మీలు. మొదట కనకరత్నమే దాటింది. సగం దాకా వెళ్ళాక అలవాటు చొప్పున ఆగి, వెనక్కి తిరిగి చెవి రిక్కించింది. తర్వాత తనలో తను నవ్వుకుని నడిచింది. సోమాచారి ఇవతలి గట్టు మీద నిలబడి, చెమట తుడుచుకునే నెపంతో తువ్వాలు మొహానికి అడ్డంపెట్టుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. సంస్థకు ఒక ఆకాశరామన్న ఉత్తరం చేరింది. తాళ్ళమెరకలో అనుమతి లేని వంతెన ఒకటి ఉందనీ, దాని మీద ప్రజలు యథేచ్ఛగా కాలువ దాటుతున్నారనీ అందులో ఉంది. విచారణకు పద్మలోచనంగారే స్వయంగా బయల్దేరారు. వానలకు స్టేషను రోడ్డు తెగిపోవడంతో జీపు బడి వైపు రోడ్డున వచ్చింది. బడి ముందు కనకరత్నం బియ్యం చెరుగుతోంది.

“అమ్మా, స్టేషనుకు దారెటు?”

“ఇలా వంతెన మీంచి వెళ్ళండి బాబూ. రెండు నిమిషాలు.”

ఆయన ఫైలు చంకన పెట్టుకుని, కమ్మీ పట్టుకుని, వంతెన దాటి స్టేషనుకు వచ్చారు. సోమాచారిని పిలిపించారు. సోమాచారి ఏ శిక్షకైనా సిద్ధపడి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పద్మలోచనంగారు గంభీరంగా వెళ్ళి రాతి మీదికెక్కారు. కుడివైపు చూశారు. ఎదురుగా చూశారు. ఎడమవైపు చూశారు. అక్కడ పద్నాలుగడుగుల స్తంభమూ, గోడా ఉన్నాయి. జేబులోంచి కలం తీసి, ఫైలు మోకాలి మీద పెట్టుకుని, పైకి చదువుతూ రాశారు.

“నలభై ఒకటో నంబరు ఉత్తర్వు ప్రకారం దర్శన బిందువు నుంచి క్షుణ్ణంగా పరిశీలించడమైనది. ఫిర్యాదులో పేర్కొన్న వంతెన ఎక్కడా లేదు. ఆరోపణ నిరాధారం. సాక్షి సంతకం.”

సోమాచారి సంతకం పెట్టాడు. ఫైలు మూసుకుంది.

పద్మలోచనంగారు రాతి మీంచి దిగి, జీపు అవతల ఉంది గనక, వచ్చిన దారినే బయల్దేరారు. సోమాచారి మర్యాదకు వెంట నడిచాడు. వంతెన మధ్యకు చేరేసరికి పద్మలోచనంగారు ఆగారు. కింద కాలువలో నీళ్ళు జోరుగా ఉన్నాయి. ఆయన ఒక కాలు మార్చి ఒక కాలు మోపి చూసుకున్నారు.

“ఆచారీ, ఇక్కడ కొంచెం ఊగుతోందయ్యా. బోల్టు బిగించు.”

“చిత్తమండి” అన్నాడు సోమాచారి. ఆయన్ను అవతలి గట్టు దాకా దాటించి, పానా తెచ్చుకోవడానికి ఇంటికి నడిచాడు.